పెన్సిల్ గీత నుంచి త్రీడీ మోడల్ దాకా

ఈ ఏడాది వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మన వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు ముందు ఒక కవిత రాద్దామనుకున్నాం. కానీ కవితలు బాగా రాసే తమ్ముళ్ళు హాస్టల్లో చాలామందే ఉన్నారు. అందుకని మాకు తెలిసిన పని గురించే రాయడం మంచిదనిపించింది. మేము ఇప్పుడు ఎం.టెక్. చదువుతున్నాం. చేతితో గీసిన బొమ్మను కంప్యూటర్లో పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఉన్న నమూనాగా, అంటే త్రీడీ మోడల్‌గా మార్చడం మా చదువులో ముఖ్యభాగం.

ఈ విషయాన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ హాస్టల్లో పదో తరగతి పూర్తిచేసి, ఇంటర్ తర్వాత ఒకే కాలేజీలో ఇంజనీరింగ్‌లో చేరినవాళ్ళం ముగ్గురం. ముగ్గురి ఇళ్ళలోనూ మాకు ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో ముగ్గురమూ తప్పాం. సప్లిమెంటరీలో ఇద్దరం గట్టెక్కాం. మూడో మిత్రుడు ఆ పరీక్ష రాయకుండానే చదువు మానేసి పనికి వెళ్ళిపోయాడు. నిజానికి మా ముగ్గురిలో లెక్కల్లో ఎప్పుడూ ముందుండేది అతనే. మన హాస్టల్ నుంచి పాలిటెక్నిక్‌కూ, ఐ.టి.ఐ.కీ, ఇంజనీరింగ్‌కూ వెళ్ళే తమ్ముళ్ళలో చాలామందికి ఈ డ్రాయింగ్ మొదటి ఏడాదిలోనే ఎదురవుతుంది. మాకు ఎవరూ ముందుగా చెప్పని నాలుగు మాటలు మీకు చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక బొమ్మ - ఎన్నో వస్తువులు

ముందు ఒక చిన్న పరీక్ష. నోటుబుక్కులో ఒక గుండ్రని సున్నా గీసి పక్కవాడికి చూపించి, ఇదేమిటని అడగండి. ఒకడు చపాతీ అంటాడు. ఒకడు బంతి అంటాడు. పైనుంచి చూసిన గ్లాసు అని మరొకడు అనవచ్చు. పైనుంచి చూసిన గరాటు అన్నా తప్పు కాదు. నలుగురూ సరిగానే చెప్పారు. ఎందుకంటే కాగితానికి పొడవు, వెడల్పు మాత్రమే ఉన్నాయి. మూడో కొలత, అంటే లోతు, గీయగానే పోయింది. ఒకసారి పోయిన లోతును ఆ ఒక్క బొమ్మలో నుంచి మళ్ళీ తెచ్చుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

బొమ్మను త్రీడీ మోడల్‌గా మార్చడమంటే ఇలా పోయిన లోతును తిరిగి నింపడమే. చాలామంది ఈ పని కంప్యూటర్ చేస్తుందనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. లాప్‌టాప్ ఉన్నవాళ్ళకే ఈ విద్య వస్తుందని, మనకు రాదని దిగులుపడ్డాం. అది పొరపాటు. లోతు ఎంతో చెప్పేది గీసిన మనిషి. కంప్యూటర్ మనం చెప్పినదాన్ని గుర్తుపెట్టుకుని, ఏ వైపు నుంచి అడిగితే ఆ వైపు నుంచి చూపిస్తుంది. అంతవరకే దాని పని.

మూడు బొమ్మల పద్ధతి

పోయిన లోతును కాగితం మీదే భద్రపరచడానికి ఒక పద్ధతి ఉంది. ఒకే వస్తువును ముందు నుంచి, పైనుంచి, పక్క నుంచి చూసి మూడు బొమ్మలు గీయడం. ముందు నుంచి చూస్తే పొడవు, ఎత్తు తెలుస్తాయి. పైనుంచి చూస్తే పొడవు, వెడల్పు తెలుస్తాయి. పక్క నుంచి చూస్తే వెడల్పు, ఎత్తు తెలుస్తాయి. ఒక బొమ్మలో లేనిది ఇంకో బొమ్మలో దొరుకుతుంది.

ఈ పద్ధతికి శాస్త్రరూపం ఇచ్చినవారు ఫ్రాన్స్ దేశానికి చెందిన గాస్పార్ మోంజ్. ఆయన 1746లో బోన్ అనే ఊళ్ళో ఒక చిన్న వ్యాపారి ఇంట పుట్టారు. కుర్రవాడిగా ఉన్నప్పుడే తన ఊరికి పెద్ద పటం గీశారు. దాన్ని చూసిన ఒక సైనికాధికారి ఆయన్ను మెజియేర్‌లోని సైనిక ఇంజనీరింగ్ పాఠశాలకు పంపించారు. కానీ అక్కడ అధికారులుగా చదువుకునే అవకాశం పెద్ద వంశాల పిల్లలకే ఉండేది. మోంజ్‌ది అలాంటి పుట్టుక కాదు. అందుకని ఆయన్ను బొమ్మలు గీసే పనిలో, కోటల నమూనాలు తయారుచేసే పనిలో పెట్టారు.

ఒకసారి కోటగోడ ఎత్తు ఎంత ఉంటే శత్రువు గుళ్ళు లోపలివారికి తగలవో తేల్చే పని ఆయనకు అప్పగించారు. మామూలుగా దానికి బారెడు లెక్కలు చేయాలి. మోంజ్ గీతలతోనే చాలా త్వరగా తేల్చారు. ఇంత తొందరగా ఎలా అవుతుందని పైఅధికారి ముందు ఆ జవాబును చూడటానికే ఒప్పుకోలేదు. చూసిన తర్వాత ఆ పద్ధతి ఎంత విలువైనదంటే, చాలా ఏళ్ళు దాన్ని సైనిక రహస్యంగా దాచిపెట్టారు. ఫ్రెంచి విప్లవం తర్వాత, 1795లో, మోంజ్ దాన్ని బహిరంగంగా పాఠం చెప్పారు. 1799లో పుస్తకంగా వచ్చింది. ఈనాడు మొదటి సంవత్సరం విద్యార్థులు గీసే ప్రొజెక్షన్లన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

గదిలో టార్చిలైటు

మన దేశంలో పాఠ్యపుస్తకాలు ఫస్ట్ యాంగిల్ పద్ధతిని వాడతాయి. ఇందులో పై బొమ్మను ముందు బొమ్మకు కింద గీయాలి. ఎడమ పక్క బొమ్మను కుడివైపు గీయాలి. ఇదే మాకు అర్థం కాలేదు. పైనుంచి చూసింది కిందకు ఎందుకు పోతుంది? ఎడమది కుడికి ఎందుకు పోతుంది? బట్టీ పట్టాం. పరీక్షలో తారుమారైంది.

దీన్ని ఇలా ఊహించుకోండి. ఒక గది మధ్యలో ట్రంకు పెట్టె ఉంది. దాని ముందు నిలబడి టార్చిలైటు వేస్తే నీడ వెనక గోడ మీద పడుతుంది. అది ముందు బొమ్మ. పైనుంచి లైటు వేస్తే నీడ నేల మీద పడుతుంది. అది పై బొమ్మ. ఎడమవైపు నుంచి వేస్తే నీడ కుడి గోడ మీద పడుతుంది. అది ఎడమ పక్క బొమ్మ. ఇప్పుడు ఆ గది అట్టతో చేసినదనుకుని అంచుల దగ్గర కోసి చాపలాగా పరిచేయండి. వెనక గోడ మధ్యలో ఉంటుంది. నేల దాని కిందకు వస్తుంది. కుడి గోడ దాని కుడివైపున ఉంటుంది. బట్టీ పట్టవలసిన అవసరమే లేదు.

అమెరికాలో థర్డ్ యాంగిల్ పద్ధతి వాడతారు. అందులో వస్తువును అద్దాల పెట్టెలో పెట్టినట్టు ఊహిస్తారు. చూసిన వైపు అద్దం మీదే బొమ్మ గీస్తారు. కాబట్టి పై బొమ్మ పైనే ఉంటుంది, ఎడమది ఎడమవైపే ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఈ పద్ధతే ముందుగా పెట్టి ఉంటుంది. పని మొదలుపెట్టేముందు ఏది ఉందో చూసుకోకపోతే వస్తువు అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది.

ఇటుకల పాఠం

పరీక్ష తప్పిన తర్వాత సెలవుల్లో మేమిద్దరం మా ఊళ్ళో కూర్చుని పాత ప్రశ్నపత్రం ముందేసుకున్నాం. అందులో ఒక మెట్ల దిమ్మె ఉంది. దానికి మూడు బొమ్మలు గీయాలి. మూడుసార్లు గీసి మూడుసార్లు చెరిపేశాం. మా నాన్న తాపీ పని చేస్తారు. సంతకం తప్ప రాయడం రాదు. పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ మా అవస్థ చూశారు.

"ఏందిరా అది?" అని అడిగారు.

"మెట్టు నాన్నా. పైనుంచి చూస్తే ఎట్టా ఉంటదో గీయాలంట."

ఆయన గోడవార ఉన్న మూడు ఇటుకలు తెచ్చారు. రెండింటిని నేల మీద పక్కపక్కనే, ఒకటి ముందు ఒకటి వెనక ఆనించి పెట్టారు. మూడోదాన్ని వెనకదాని మీద పెట్టారు. "లేచి నిలబడి పైనుంచి చూడండి. ఇప్పుడు కూర్చుని ముందు నుంచి చూడండి. ఆ పక్కకు పోయి చూడండి" అన్నారు.

చూశాం. ముందు నుంచి చూస్తే ఒక దీర్ఘచతురస్రం, మధ్యలో అడ్డంగా ఒక గీత. పైనుంచి చూసినా అలాంటిదే. పక్క నుంచి చూస్తే మాత్రమే మెట్టు కనిపించింది. అంటే ముందు బొమ్మ, పై బొమ్మ రెండూ ఉన్నా అది మెట్టు అని తేల్చి చెప్పేది పక్క బొమ్మ. ఒక సంవత్సరం పాటు తరగతిలో కూర్చున్నా మా తలకెక్కని సంగతి పది నిమిషాల్లో అర్థమైంది. ఇంజనీరింగ్ డ్రాయింగ్ అంటే గీయడం కాదు, ముందు చూడటం. చూడటం వస్తే గీత దానంతటదే వస్తుంది. అప్పటికే మా మూడో మిత్రుడు సెంట్రింగ్ పనికి వెళ్ళిపోయాడు. ఆ ఇటుకల పాఠం అతనికి అందలేదు.

కంప్యూటర్ ఎప్పుడు వచ్చింది?

కంప్యూటర్ తెర మీద బొమ్మ గీసే విద్యకు 1963 ముఖ్యమైన సంవత్సరం. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఇవాన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి తన పిహెచ్.డి. కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం రాశారు. లైట్‌పెన్ అనే కలంతో తెర మీదే గీయవచ్చు. గీత వంకరగా వచ్చినా ఫరవాలేదు. "ఈ రెండు గీతలు సమాంతరం", "ఈ నాలుగు భుజాలు సమానం" అని చెబితే యంత్రమే సరిచేసేది. అదే ఏడాది అక్కడే తిమోతీ జాన్సన్ దాన్ని మూడు కొలతలకు పెంచారు. తెరను నాలుగు భాగాలు చేసి మూడింటిలో పై, ముందు, పక్క బొమ్మలు, నాలుగోదానిలో కంటికి కనిపించే తీరు చూపించారు. అంటే మోంజ్ కాగితం మీద గీసిన పద్ధతే తెర మీదకు వచ్చింది. నేటి సాఫ్ట్‌వేర్లలో కూడా ఆ నాలుగు భాగాల తెర ఉంది.

ఇంకొక ముచ్చటైన ఉదాహరణ టీ కూజా. 1975లో యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ అనే పరిశోధకునికి తన ప్రయోగాల కోసం వంపులు తిరిగిన ఒక వస్తువు కావలసి వచ్చింది. ఇంట్లో టీ తాగుతుండగా టీ సామాను నమూనా చేయమని ఆయన భార్య సలహా ఇచ్చారు. ఎదురుగా ఉన్న కూజాను చూస్తూ ఆయన గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో బొమ్మ గీశారు. తర్వాత ఆ వంపులకు కావలసిన బిందువుల అంకెలను కంప్యూటర్‌కు ఇచ్చారు. ఆ అంకెలను ప్రపంచమంతా వాడుకున్నారు. కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో అంతగా వాడిన వస్తువులు అరుదు. అసలు కూజా ఇప్పుడు కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. ఇందులో మనం గమనించవలసిన విషయం ఏమిటంటే, ఆ ప్రసిద్ధమైన మోడల్ కూడా గ్రాఫ్ కాగితంతో, పెన్సిల్‌తోనే మొదలైంది. ఆ రెండూ మన దగ్గరా ఉన్నాయి.

మన ట్రంకు పెట్టెతో మొదలుపెడదాం

హాస్టల్లో ప్రతి ఒక్కరికీ ఉన్న వస్తువు ట్రంకు పెట్టె. దాన్నే మోడల్‌గా చేద్దాం. మేము మొట్టమొదట సొంతంగా చేసిన మోడల్ కూడా మా పాత పెట్టెదే.

మొదటి మెట్టు: పెట్టెను ఎదురుగా పెట్టుకుని స్కేలు లేకుండా చేతితో బొమ్మ గీయాలి. అందం అవసరం లేదు. పొడవు వెడల్పుల దామాషా తప్పకుండా ఉంటే చాలు. మూత, గొళ్ళెం, పిడి, మడత బందులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించాలి.

రెండో మెట్టు: టేపుతో కొలవాలి. మా పెట్టె పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 38, ఎత్తు 25. మూడు బొమ్మలు విడిగా గీసి ఒక్కొక్క కొలతను ఒక్కసారే వేయాలి. ఒకే కొలతను రెండు చోట్ల వేస్తే, ఒకచోట మార్చి ఇంకోచోట మరచిపోతాం. కంటికి కనిపించని అంచులను తెగిన గీతలతో చూపాలి.

మూడో మెట్టు: ఆ కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి కంప్యూటర్లోకి ఎక్కించాలి. కాగితాన్ని నేల మీద పరిచి, ఫోన్‌ను సరిగ్గా దాని పైన పట్టుకోవాలి. వాలుగా తీస్తే దూరపు వైపు చిన్నదైపోయి కొలతలన్నీ తప్పుతాయి. తర్వాత తెలిసిన ఒక కొలతను, ఉదాహరణకు 60 సెంటీమీటర్ల పొడవును, సాఫ్ట్‌వేర్‌కు చూపిస్తే మిగతా బొమ్మను అదే నిష్పత్తిలో సర్దుకుంటుంది.

నాలుగో మెట్టు: ఫొటో మీద గీతలు తిరిగి గీయాలి. ఇక్కడే కొత్తవాళ్ళు పొరపాటు చేస్తారు. చేతి గీత వణికిన చోటల్లా మౌస్‌ను కూడా వణికిస్తూ దిద్దుతారు. అలా చేయకూడదు. సుమారుగా గీసి, ఇది నిలువు, ఇది అడ్డం, ఈ రెండూ సమానం, దీని పొడవు ఇంత అని నియమాలు చెప్పాలి. 1963లో స్కెచ్‌ప్యాడ్ చేసిన పని ఇదే.

ఐదో మెట్టు: దీర్ఘచతురస్రాన్ని పైకి లేపి 25 సెంటీమీటర్ల దిమ్మెగా చేయాలి. లోపల గుల్ల చేసి రేకు మందం ఇవ్వాలి. మూతను విడదీయాలి. పిడి, గొళ్ళెం చేర్చాలి.

ఆరో మెట్టు: సరిచూసుకోవాలి. మా మోడల్లో రేకు మందం అర మిల్లీమీటరు అని ఇచ్చాం. ఆరు వైపుల రేకు మొత్తం 9,460 చదరపు సెంటీమీటర్లు వచ్చింది. ఇనుము ఒక ఘన సెంటీమీటరు సుమారు 7.85 గ్రాములు ఉంటుంది కాబట్టి పెట్టె బరువు 3 కిలోల 700 గ్రాములు ఉండాలి. హాస్టల్‌కు వచ్చినప్పుడు వంటగదిలోని కాటా మీద పెట్టి తూచాం. 4 కిలోల 300 గ్రాములు తూగింది. తేడా ఎక్కడ వచ్చిందో వెతికాం. అంచుల దగ్గర రేకును మడిచి రెండు పొరలు చేస్తారు. పిడులు, బందులు, గొళ్ళెం కూడా మేము లెక్కలోకి తీసుకోలేదు. వస్తువు తయారుకాకముందే దాని బరువు, పట్టే సామాను, అయ్యే రేకు తెలుసుకోగలగడమే ఈ మోడల్ వల్ల ముఖ్యమైన ప్రయోజనం.

నాలుగు పనులు తెలిస్తే చాలు

సాఫ్ట్‌వేర్ తెరిస్తే వందల బటన్లు కనిపించి భయమేస్తుంది. కానీ కాగితం మీది ఆకారానికి లోతు ఇచ్చే ముఖ్యమైన పనులు నాలుగే.

ఎక్స్‌ట్రూడ్: ఆకారాన్ని నిటారుగా సాగదీయడం. జంతికల గొట్టంలో పిండి పెట్టి నొక్కితే, అడుగున కన్నం ఏ ఆకారంలో ఉంటే జంతిక ఆ ఆకారంలోనే బయటికి వస్తుంది. పెట్టె, ఇటుక, తలుపు ఇలాగే చేస్తాం.

రివాల్వ్: సగం అంచును గీసి ఒక నిలువు గీత చుట్టూ తిప్పడం. కుమ్మరి సారె మీద కుండ లేచినట్టే. మనం అన్నం తినే పళ్ళెం, స్టీలు గ్లాసు, వంటగదిలోని గంగాళం ఇలా వస్తాయి. గ్లాసు మొత్తం గీయనక్కర్లేదు. మధ్య నుంచి ఒక వైపు అంచు గీస్తే చాలు.

స్వీప్: ఒక చిన్న ఆకారాన్ని వంపు తిరిగిన దారి వెంట నడిపించడం. బకెట్టు పిడి ఇలా చేస్తాం. చిన్న గుండ్రని సున్నా ఒకటి, అది నడిచే దారి ఒకటి గీయాలి.

లాఫ్ట్: ఒక ఆకారం నుంచి ఇంకో ఆకారానికి మెల్లగా మారడం. వంటగది పొయ్యి మీది పొగగూడు కింద చతురస్రంగా ఉండి పైన గుండ్రని గొట్టంలో కలుస్తుంది. ఆ రెండు ఆకారాలనూ వాటి మధ్య ఎత్తునూ చెబితే మధ్య భాగాన్ని సాఫ్ట్‌వేర్ అల్లుతుంది.

రోజూ చూసే ఏ వస్తువునైనా ఈ నాలుగింటిలో దేనితో చేయవచ్చో ఆలోచించండి. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. మెస్సులో లైనులో నిలబడి కూడా చేయవచ్చు.

నీళ్ళు పోస్తే కారకూడదు

త్రీడీ మోడళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పైతొడుగు మాత్రమే ఉన్నది. చిన్న చిన్న త్రిభుజాలను, చతురస్రాలను కలిపి కుట్టినట్టు ఉంటుంది. దీన్ని మెష్ అంటారు. సినిమాలకు, ఆటలకు ఇది వాడతారు. రెండోది లోపల ఘనంగా ఉన్నది. ఇంజనీరింగ్ పనికి ఇది కావాలి. బరువు, బలం లెక్క కట్టాలంటే లోపల ఏముందో తెలియాలి కదా.

మోడల్‌ను త్రీడీ ప్రింటర్‌తో అచ్చు తీయాలంటే ఒక నియమం ఉంది. తొడుగులో ఎక్కడా చిల్లు ఉండకూడదు. అందులో నీళ్ళు పోస్తే ఒక్క చుక్క కూడా బయటికి రాకూడదన్నమాట. ఎక్కడైనా ఒక్క త్రిభుజం లేకపోయినా ఏది లోపలో, ఏది బయటో ప్రింటర్‌కు తెలియదు. ఇంతకుముందు చెప్పిన ప్రసిద్ధమైన టీ కూజా మోడల్‌కు మొదట అడుగు లేదు. తెర మీద చూడటానికి అది సరిపోయింది. అడుగును తర్వాత చేర్చారు.

కంప్యూటర్ తనంతట తానే చేయలేదా?

ఈ ప్రశ్న తమ్ముళ్ళు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రయత్నం చాలాకాలంగా జరుగుతోంది. 1971లో డేవిడ్ హఫ్‌మన్, మాక్స్ క్లౌస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా ఒక పద్ధతి కనిపెట్టారు. దిమ్మెల బొమ్మలో ఒక్కొక్క గీత బయటికి పొడుచుకువచ్చిన అంచా, లోపలికి పోయిన అంచా, లేక వస్తువు చివరా అని గుర్తులు వేస్తూ పోతే, బొమ్మను అర్థం చేసుకోవచ్చని చూపించారు. అన్ని గీతలకూ పొందికగా గుర్తులు కుదరకపోతే అలాంటి వస్తువు లోకంలో ఉండదని కూడా తెలుస్తుంది.

1999లో జపాన్‌లోని టోక్యో విశ్వవిద్యాలయంలో తాకెయో ఇగరాషి, మరో ఇద్దరు కలిసి టెడ్డీ అనే ప్రోగ్రాం చేశారు. ఎలుగుబంటి ఆకారం చుట్టుగీత గీస్తే చాలు, గాలి ఊదిన బుడగలాగా ఉబ్బి బొమ్మ తయారవుతుంది. వెడల్పుగా ఉన్న పొట్ట భాగం లావుగా, సన్నగా ఉన్న కాళ్ళు చేతులు సన్నగా ఉబ్బుతాయి.

ఇటీవల కృత్రిమ మేధ ఇంకా ముందుకు వెళ్ళింది. 2024లో విడుదలైన ట్రైపోఎస్ఆర్ అనే ప్రోగ్రాం శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఒక్క చిత్రం నుంచి సెకను లోపే త్రీడీ మోడల్ చేస్తుంది. అయితే ఒక్క బొమ్మలో వెనకవైపు ఉండదు కదా. ఆ వెనక భాగాన్ని అది అంతకుముందు చూసిన లక్షల వస్తువులను బట్టి ఊహిస్తుంది. ఆటబొమ్మకు ఆ ఊహ సరిపోతుంది. తలుపు బందుకు, మెట్లకు, మిషను భాగానికి సరిపోదు. అక్కడ కొలత కావాలి. ఆ కొలత చెప్పవలసింది, వచ్చినదాన్ని చూసి తప్పు పట్టవలసింది మనిషే.

కంప్యూటర్ లేకపోతే ఎలా?

మాకు బి.టెక్. మూడో సంవత్సరం దాకా సొంత కంప్యూటర్ లేదు. లాబ్‌లో వారానికి మూడు గంటలు దొరికేది. లాప్‌టాప్ ఉన్నవాళ్ళు ఆ మూడు గంటలూ ఆలోచిస్తూ గడిపేవారు. మేము ముందురోజు రాత్రే కాగితం మీద అన్నీ తేల్చుకుని, ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరుసగా రాసుకుని వెళ్ళేవాళ్ళం. చాలాసార్లు వాళ్ళకంటే ముందే పూర్తయ్యేది. కంప్యూటర్ లేకపోవడం లోటు కాదని మేము చెప్పడం లేదు. లోటే. చేతివేగం తక్కువై మేము కొన్ని మార్కులు పోగొట్టుకున్నాం కూడా. కానీ చదువు మానేయవలసినంత లోటు కాదు.

సాఫ్ట్‌వేర్ కొనవలసిన పని కూడా లేదు. ఫ్రీక్యాడ్ అనేది ఇంజనీరింగ్ మోడళ్ళకు పనికివస్తుంది. బ్లెండర్ అనేది యానిమేషన్‌కు, ఆకారాలకు మంచిది. బ్లెండర్‌ను 2002లో దాని అభిమానులు లక్ష యూరోల చందా వేసుకుని అందరికీ ఉచితం చేయించారు. రెండింటినీ ఒకసారి దించుకుంటే ఇంటర్‌నెట్ లేకపోయినా పనిచేస్తాయి. మరీ పాత కంప్యూటర్లలో కొత్త బ్లెండర్ నడవకపోవచ్చు. అలాంటప్పుడు ఫ్రీక్యాడ్‌తో మొదలుపెట్టండి.

మిత్రుడు పంపిన బొమ్మ

చివరగా ఒక అనుభవం చెప్పి ముగిస్తాం. చదువు మానేసిన మా మిత్రుడు ఇప్పుడు సెంట్రింగ్ మేస్త్రీ. నెలల క్రితం ఒక రోజు క్యాలెండర్ వెనక గీసిన బొమ్మను ఫొటో తీసి పంపాడు. అతను పని ఒప్పుకున్న ఇంట్లో లోపలి నుంచి మెట్లు పెట్టాలి. ఇంటివాళ్ళకు ప్లాను అర్థం కావడం లేదట. త్రీడీలో చేసి పంపమన్నాడు. మేము రెండు రోజులు కూర్చుని చేశాం. స్లాబు ఎత్తు పదడుగులు. మెట్టు ఎత్తు ఏడంగుళాలు, వెడల్పు పదంగుళాలు. రంగులు వేసి, వెలుగు నీడలు పెట్టి పంపాం. చాలా బాగా వచ్చిందనుకున్నాం.

ఐదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"ఒరేయ్, ఈ మెట్లు ఎక్కితే ఆరో మెట్టు దగ్గర తల బీముకు తగులుద్ది. చూసుకోండి."

మోడల్లో కొలిచి చూశాం. మెట్టుకూ బీముకూ మధ్య ఐదడుగులే ఉంది. మెట్ల మీద మనిషి ఇబ్బంది లేకుండా నడవాలంటే సుమారు ఏడడుగులు ఉండాలి. అతని బొమ్మలో స్లాబు ఖాళీ కొలత సరిగానే ఉంది. మేమే తప్పు చదివాం. ఖాళీని మూడడుగులు పెంచితే సరిపోయింది. మెట్ల వాలును బట్టి అడుగు ముందుకు జరిపితే సుమారు ఎనిమిదంగుళాల ఎత్తు కలిసివస్తుంది.

ఎం.టెక్. చదువుతున్న మేము రెండు రోజుల్లో చూడనిదాన్ని, డ్రాయింగ్ తప్పి చదువు మానేసినవాడు ఫోన్ తెర మీద ఐదు నిమిషాల్లో చూశాడు. అతనికి చూడటం వచ్చు. మొదటి సంవత్సరంలో కూడా వచ్చే ఉంటుంది. దానిపేరే ఇంజనీరింగ్ డ్రాయింగ్ అని చెప్పినవాళ్ళు మాత్రం లేరు. మిత్రుడు ఓపెన్ పద్ధతిలో అయినా డిప్లొమా చేయగలడేమోనని ఇప్పుడు మేము విచారిస్తున్నాం. అతను ఇంకా సరేననలేదు.

తమ్ముళ్ళారా, మీలో ఎవరికైనా ఈ సబ్జెక్టు కష్టమనిపించి చదువు మానేద్దామనిపిస్తే, ముందు మూడు ఇటుకలు పేర్చి చూడండి. అప్పటికీ అర్థం కాకపోతే వార్డెన్ గారి దగ్గర మా ఫోన్ నంబరు ఉంది, ఏ సమయంలోనైనా చేయండి. అన్నయ్యలకు ఒక మనవి. మీ ఇళ్ళలో వాడకుండా మూలపడిన కంప్యూటర్ ఉంటే హాస్టల్‌కు ఇవ్వండి, సాఫ్ట్‌వేర్ ఎక్కించే బాధ్యత మాది. దసరా సెలవులకు ముందు రెండు ఆదివారాలు మేము హాస్టల్‌కు వస్తాం. వచ్చేసరికి ఎవరి ట్రంకు పెట్టెకు వాళ్ళు మూడు వైపుల బొమ్మలు గీసి, కొలతలు వేసి ఉంచండి.